వీటెన్ టెర్రియర్ పెంపకం: చర్మం దాకా వెళ్లే దువ్వెన

ఈనాటి ప్రసంగం ఒక కుక్కజాతిని గురించి, దాని పెంపకాన్ని గురించి. ఆ జాతి స్వస్థలం ఐర్లండ్. దాని పూర్తి పేరు సాఫ్ట్ కోటెడ్ వీటెన్ టెర్రియర్. మెత్తని బొచ్చు, పండిన గోధుమ గింజ రంగు ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పెంచేవారు క్లుప్తంగా వీటెన్ అంటారు కాబట్టి ఈ ప్రసంగంలో కూడా అదే పేరు వినిపిస్తుంది.

ముందుగా శ్రోతలు గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటి. వీటెన్‌ను పెంచే ఇంట్లో ప్రతిరోజూ పది, పదిహేను నిమిషాలు దాని ఒంటిని దువ్వాలి. దువ్వెన పళ్లు చర్మం దాకా వెళ్లాలి. ఈ ఒక్క అలవాటు ఆ కుక్క బొచ్చును కాపాడుతుంది, ఒంట్లో మొదలయ్యే జబ్బును తొందరగా పట్టిస్తుంది, మనిషి చేతికి లొంగి ఉండటం నేర్పుతుంది. ఈ మూడూ ఒకే దువ్వెనతో ఎలా నెరవేరతాయో తెలియాలంటే ముందు ఆ జాతి ఎక్కడ, ఎందుకోసం పుట్టిందో తెలుసుకోవాలి.

టెర్రియర్లు అంటే ఎలుకలు, నక్కలు, బ్యాడ్జర్ల వంటి జంతువులను వాటి బొరియల దాకా వెంబడించి పట్టడానికి బ్రిటన్, ఐర్లండ్ దేశాల్లో తయారైన కుక్కలు. వాటిలో చాలా జాతులు ఆ ఒక్క పనికే పరిమితమైతే, వీటెన్ మాత్రం ఇంటిల్లిపాదికీ పనికొచ్చే కుక్కగా ఎదిగింది. ఐర్లండ్ పల్లెల్లోని చిన్న రైతుకు కాపలాకు ఒక కుక్క, మంద తోలడానికి ఒక కుక్క, ఎలుకలు పట్టడానికి మరో కుక్క పెట్టుకునే స్తోమత ఉండేది కాదు. అందువల్ల ఒక్క కుక్కే పగలు పశువులను తోలి, రాత్రి వాకిట్లో కాపలా కాసి, ధాన్యపు కొట్టులో ఎలుకలను పట్టేది. ఐరిష్ టెర్రియర్, కెర్రీ బ్లూ టెర్రియర్ అనే మరో రెండు జాతులతో దీనికి చుట్టరికం ఉంది. మూడింటి మూలం ఒకటేనని జాతి చరిత్రకారులు భావిస్తారు.

ఎన్నో తరాల పాటు ఈ కుక్క పొలం గట్టు దాటి పోటీ ప్రాంగణంలోకి రాలేదు. 1937లో ఐరిష్ కెన్నెల్ క్లబ్, అంటే ఆ దేశంలో కుక్కజాతుల వంశావళి నమోదు చేసే సంస్థ, దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. తొలినాళ్లలో ఐర్లండ్‌లో ఒక వీటెన్‌కు ఛాంపియన్ బిరుదు రావాలంటే అందం ఒక్కటే సరిపోయేది కాదు. ఎలుకను, కుందేలును, బ్యాడ్జర్‌ను ఎదుర్కొనే క్షేత్ర పరీక్షల్లో కూడా నెగ్గవలసి ఉండేది. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1943లో దీన్ని గుర్తించింది. 1946లో ఈ జాతి అమెరికా చేరింది. అక్కడ 1962లో దీని కోసం ప్రత్యేక సంఘం ఏర్పడింది. 1973లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తింపు ఇచ్చింది.

ఇక రూపం. భుజం దగ్గర కొలిస్తే మగ కుక్క 46 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, అంటే దాదాపు పెద్దవారి మోకాలి ఎత్తు. బరువు 18 నుంచి 20 కిలోలు, కాస్త అటూ ఇటూ. ఆడ కుక్క కొంచెం పొట్టిగా, తేలికగా ఉంటుంది. ఒళ్లు చతురస్రంగా, గట్టిగా ఉంటుంది, చెవులు ముందుకు మడిచి ఉంటాయి, నుదుటి వెంట్రుకలు కళ్ల మీదికి పడతాయి, గడ్డం ఉంటుంది. సరైన పోషణలో 12 నుంచి 14 ఏళ్లు బతుకుతుంది. అంటే ఈ కుక్కను తెచ్చుకున్న ఇల్లు దాదాపు ఒక పుష్కరకాలం దాని బాధ్యత తీసుకున్నట్టే.

ఇప్పుడు బొచ్చు సంగతి కొంచెం వివరంగా చూడాలి. చాలా కుక్కలకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన బిరుసు వెంట్రుకలు, కింద చర్మాన్ని అంటిపెట్టుకుని దట్టమైన సన్నని నూగు. కాలం మారినప్పుడు ఆ నూగు ఊడి నేల మీద, బట్టల మీద, సోఫాల మీద పడుతుంది. వీటెన్‌కు ఆ లోపలి నూగు ఉండదు. ఉన్నది ఒకే పొర. అది మనిషి జుట్టులాగే పొడవుగా పెరుగుతూ పోతుంది. దీని వెంట్రుకలు కూడా ఊడతాయి, కానీ నేల మీద పెద్దగా పడవు. ఊడిన వెంట్రుక పక్కనున్న వెంట్రుకల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. నాలుగు రోజులు వదిలేస్తే ఆ చిక్కు ముడిపడుతుంది, నాలుగు వారాలు వదిలేస్తే అట్టకడుతుంది. ఇల్లంతా వెంట్రుకలు రాలవు అనే సుగుణం, రోజూ దువ్వక తప్పదు అనే భారం, రెండూ ఈ ఒక్క కారణం నుంచి పుట్టినవే.

పిల్లకూన పుట్టినప్పుడు ముదురు రంగులో ఉంటుంది. మూతి, చెవులు నల్లగా ఉండవచ్చు. పెరిగే కొద్దీ రంగు లేతబడుతూ దాదాపు రెండేళ్లకు అసలైన గోధుమ రంగు నిలకడగా వస్తుంది. పసి బొచ్చు పోయి పెద్ద బొచ్చు వచ్చే ఈ మధ్యకాలంలో, ముఖ్యంగా తొమ్మిది, పది నెలల వయసు నుంచి, చిక్కులు అన్ని దశల కంటే ఎక్కువగా పడతాయి. అంతకుముందు వారానికి రెండు మూడుసార్లు దువ్వినా గడిచిన కుక్కకు ఈ దశలో రోజూ దువ్వినా చిక్కులు కనిపిస్తాయి. ఈ సంగతి ముందే తెలియని యజమానులు తమ కుక్కకు ఏదో చర్మవ్యాధి వచ్చిందని కంగారుపడటమో, విసిగిపోయి దువ్వడం మానేయడమో జరుగుతుంది. కంగారు అక్కర్లేదు. దువ్వడం మాత్రం మానకూడదు.

చాలామంది చేసే పొరపాటు పైపైన దువ్వడం. మెత్తని బ్రష్‌తో వీపు మీద నాలుగుసార్లు నిమిరితే పై వెంట్రుకలు నిగనిగలాడతాయి, కుక్క చూడముచ్చటగా కనిపిస్తుంది. కానీ చర్మానికి ఆనుకుని ఉన్న భాగాన్ని ఆ బ్రష్ తాకనే లేదు. లోపల వెంట్రుకలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని దళసరి పొరగా మారతాయి. ఆ పొర కింద గాలి ఆడదు, చెమ్మ ఆరదు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా అది చర్మాన్ని గుంజుతుంది. చర్మం ఎర్రబడి, కుక్క గీరుకుని, పుండు పడుతుంది. వానాకాలంలో అలాంటి పుండు మీద ఈగలు గుడ్లు పెడితే పురుగులు పడే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు బొచ్చంతా మొదలంటా కత్తిరించడం తప్ప దారి ఉండదు. అందుకే ఆ మాట మళ్లీ చెప్పవలసి వస్తోంది: దువ్వెన పళ్లు చర్మం దాకా వెళ్లాలి.

ఎలా దువ్వాలి? కుక్కను జారని బల్ల మీదో, నేల మీద పరిచిన రబ్బరు చాప మీదో నిలబెట్టాలి. పళ్లు ఒక సగం ఎడంగా, ఒక సగం దగ్గరగా ఉండే స్టీలు దువ్వెన, సన్నని తీగ ముళ్లున్న స్లిక్కర్ బ్రష్ దగ్గర ఉంచుకోవాలి. వెనక కాలి పాదం దగ్గర మొదలుపెట్టాలి. ఎడమ చేత్తో కాలి మీది బొచ్చును పైకి ఎత్తిపట్టుకుంటే అడుగున ఒక అడ్డపాపిడి తేలుతుంది, ఆ పాపిడిలో తెల్లగానో లేత గులాబీ రంగులోనో చర్మం కనిపిస్తుంది. పాపిడి కింద ఉన్న వెంట్రుకలను మాత్రమే చర్మం నుంచి కొస దాకా కిందికి దువ్వాలి. దువ్వెన ఎక్కడా తట్టుకోకుండా జారిందంటే ఆ వరుస అయిపోయినట్టు. అప్పుడు ఎడమ చేతిలోంచి మరో వేలెడు వెడల్పు బొచ్చును కిందికి వదిలి, కొత్త పాపిడి తీసి, మళ్లీ దువ్వాలి. ఇలా వరుస తర్వాత వరుసగా కాలి మీద నుంచి తొడకు, తొడ నుంచి పక్కకు, పక్క నుంచి వీపుకు, మెడకు వెళ్లాలి. చివరగా తల, చెవులు, గడ్డం.

చిక్కు ఎక్కువగా పడే చోట్లు కొన్ని ఉన్నాయి. చెవుల వెనక చూడండి. చంకల్లో చూడండి. తొడల లోపలి వైపు, మెడ పట్టీ ఒరుసుకునే చోట, నీళ్లు తాగి తడిసే గడ్డం కింద, వేళ్ల సందుల్లో చూడండి. టైము లేని రోజున ఒళ్లంతా దువ్వలేకపోయినా ఈ చోట్లు మాత్రం వదలకూడదు.

ముడి కనిపించినప్పుడు ఏం చేయాలి? తల్లి ఆడపిల్లకు జడ వేసేటప్పుడు చిక్కును ఎలా తీస్తుందో గుర్తు చేసుకుంటే చాలు: నెత్తి లాగకుండా కుదుళ్ల దగ్గర జుట్టును పిడికిట పట్టుకుంటుంది, ముందు కొసల్లో చిక్కు విడదీస్తుంది, తర్వాతే కొంచెం కొంచెంగా పైకి వస్తుంది. వీటెన్ ముడికి కూడా అదే పద్ధతి. చర్మానికీ ముడికీ మధ్య వెంట్రుకలను రెండు వేళ్లతో బిగించి పట్టుకుంటే గుంజుడు చర్మానికి తగలదు; ముడిని చేతివేళ్లతోనే పాయలుగా చీల్చి, దువ్వెన మూలతో కొసల నుంచి విప్పుకుంటూ రావాలి. కత్తెరతో ముడిని కత్తిరించబోవడం మాత్రం ప్రమాదం. ముడిని పైకి లాగినప్పుడు దానితో పాటు చర్మం కూడా లేస్తుంది, కత్తెర వేటు చర్మానికి పడుతుంది.

స్నానం విషయంలో ఒక నియమం ఉంది. ముందు దువ్వాలి, తర్వాతే స్నానం. చిక్కు తీయని బొచ్చు తడిస్తే ముడులు మరింత బిగుసుకుంటాయి, ఆరిన తర్వాత వాటిని విప్పడం కష్టం. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి స్నానం చేయిస్తే సరిపోతుంది. కుక్కలకు తయారైన షాంపూనే వాడాలి. మనుషుల షాంపూ వాటి చర్మానికి సరిపడదు. స్నానం తర్వాత తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. తక్కువ వేడి మీద డ్రయ్యర్ పెట్టి, దువ్వుకుంటూ ఆరబెట్టాలి. వేలాడే చెవుల లోపల చెమ్మ నిలిచిపోతే చీము పట్టే అవకాశం ఉంది కాబట్టి వారానికి ఒకసారి చెవి ఎత్తి చూడాలి. దుర్వాసన, గోధుమ రంగు గులిమి, ఎరుపు కనిపిస్తే వైద్యుడికి చూపించాలి. గోళ్ల కత్తిరింపు, దంతాల శుభ్రత, కళ్ల మీద పడే వెంట్రుకల కత్తిరింపు కూడా ఈ పనిలోకే వస్తాయి.

ఇంతవరకు విన్నది దువ్వెన చేసే మొదటి పని, బొచ్చు సంరక్షణ. రెండో పని అంతకంటే విలువైనది. రోజూ చర్మం దాకా దువ్వే చేతికి ఆ కుక్క ఒళ్లు కంఠతా వస్తుంది. నిన్న లేని గడ్డ ఈరోజు వేలికి తగులుతుంది. నిన్నటి కంటే పక్కటెముకలు తేలినట్టు తెలుస్తుంది. తెలుగు నేలమీద కుక్కలను పీడించే పిడుదులు, కొన్ని ప్రాంతాల్లో గోమార్లు అనేవి, చెవి మడతల్లోను వేళ్ల సందుల్లోను దాక్కుంటాయి. పొడవైన బొచ్చులో అవి పైకి కనిపించవు, పాపిడి తీసి చూసినవారికే కనిపిస్తాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో ఎర్లికియోసిస్ ముఖ్యమైనది. అది రక్తంలోని ప్లేట్‌లెట్లను తగ్గించి ప్రాణం మీదికి తెస్తుంది. పిడుదును పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి. పిడుదుల నివారణ మందును వైద్యుడి సలహా మీద క్రమం తప్పకుండా వాడాలి.

ఈ రెండో పని వీటెన్ విషయంలో మరింత ముఖ్యం కావడానికి కారణం, ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే రెండు వ్యాధులు. రెండింటిలోనూ శరీరం తన మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను, నిలుపుకోలేక బయటికి పోగొట్టుకుంటుంది. ఒకదానిలో అవి పేగుల ద్వారా పోతాయి, రెండోదానిలో మూత్రపిండాల ద్వారా పోతాయి. రక్తంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు నీటిని రక్తనాళాల లోపలే పట్టి ఉంచుతుంది. అది బాగా తగ్గిపోతే నీరు బయటికి ఊరి, పొట్టలో, కాళ్లలో చేరుతుంది. పేగుల వ్యాధిలో వాంతులు, విరేచనాలు, బరువు తగ్గడం కనిపిస్తాయి. మూత్రపిండాల వ్యాధిలో దాహం పెరగడం, ఎక్కువసార్లు మూత్రం పోయడం, నీరసం కనిపిస్తాయి. రక్తం గడ్డకట్టి హఠాత్తుగా ప్రమాదం ముంచుకురావచ్చు కూడా.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య శాస్త్రవేత్త మెరిల్ లిట్‌మన్, ఆమె సహచరులు 222 వీటెన్ కుక్కల వివరాలను పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించారు. పేగుల వ్యాధి సగటున ఐదేళ్ల వయసుకు కాస్త లోపు, మూత్రపిండాల వ్యాధి ఆరేళ్లు దాటాక బయటపడుతున్నట్టు అందులో తేలింది. అంటే చాలా సందర్భాల్లో ఆ వ్యాధి బయటపడే నాటికి ఆ కుక్కకు పిల్లలు కూడా పుట్టి ఉండవచ్చు. తెలియకుండానే జబ్బు తర్వాతి తరానికి వెళ్లిపోతుంది. తర్వాతి పరిశోధనల్లో మూత్రపిండాల వడపోతకు సంబంధించిన రెండు జన్యువుల్లో మార్పులు కనుగొని, వాటిని గుర్తించే పరీక్ష కూడా తయారుచేశారు. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన కుక్కకు ముప్పు ఎక్కువ. అయితే అలాంటి ప్రతి కుక్కకూ వ్యాధి వచ్చి తీరుతుందని చెప్పలేం. ఇవి కాక, మూత్రపిండాలు పుట్టుకతోనే సరిగా ఎదగకపోవడం, అడ్రినల్ గ్రంథి కావలసినంత హార్మోన్ తయారుచేయలేని అడిసన్స్ వ్యాధి కూడా ఈ జాతిలో కనిపిస్తాయి. అడిసన్స్ వ్యాధి వచ్చిపోయే నీరసంతో, వాంతులతో మభ్యపెడుతుంది. కానీ గుర్తిస్తే హార్మోన్ మందులతో కుక్క మామూలుగా జీవిస్తుంది.

ఈ జబ్బుల పేర్లు విని శ్రోతలు బెంగపడనవసరం లేదు. చేయవలసింది రెండే పనులు. ఒకటి, ఏడాదికి ఒకసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించడం. రక్తంలో అల్బుమిన్, క్రియాటినిన్ ఎంత ఉన్నాయో, మూత్రంలో క్రియాటినిన్‌తో పోల్చితే మాంసకృత్తు ఎంత పోతోందో చూడమని వైద్యుడిని అడగాలి. కుక్క పైకి ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పరీక్షలు మొదలుపెట్టి, కాగితాలు దాచుకుంటే, ఏటికేడు అంకెల్లో వచ్చే మార్పే తొలి హెచ్చరిక అవుతుంది. రెండోది, ఇందాకటి దువ్వెన. పొట్ట ఉబ్బినా, కాళ్లకు నీరు పట్టినా, కండ కరిగినా దట్టమైన బొచ్చు చాటున కంటికి ఆనదు. చర్మం దాకా వెళ్లే చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది. పరీక్షల కోసం వెళ్లాలంటే తెలుగు రాష్ట్రాల్లో తిరుపతి, గన్నవరం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలలకు అనుబంధంగా బోధనాసుపత్రులు ఉన్నాయి. మూత్రంలో మాంసకృత్తు కనిపించినప్పుడు మన ప్రాంతంలో పిడుదుల జ్వరం కూడా దానికి కారణం కావచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాలి.

ఇక దువ్వెన చేసే మూడో పని, శిక్షణ. ఎనిమిది వారాల పిల్లకూనకు దువ్వవలసినంత బొచ్చు ఉండదు. అయినా ఆ వయసులోనే మొదలుపెట్టాలి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట నిలబెట్టి, ఒక్క నిమిషం దువ్వెన తాకించి, పాదం పట్టుకుని వదిలి, చెవి ఎత్తి చూసి, చిన్న తినుబండారం ముక్క పెట్టి దించేయాలి. అలా పెరిగిన కుక్క వైద్యుడి బల్ల మీద నిలబడినప్పుడు బెదరదు, సూది వేసే చేతిని కరవదు. ఏడాది వయసు వచ్చాక, బొచ్చు అట్టకట్టాక, మొదటిసారి దువ్వెన చూపిస్తే ఆ కుక్కకు దువ్వెన అంటే నొప్పి అని మాత్రమే తెలుస్తుంది.

స్వభావంలో వీటెన్ మిగతా టెర్రియర్ల కంటే సౌమ్యం. సాటి కుక్కలతో కయ్యానికి అంత తొందరపడదు, పిల్లలతో కలిసిపోతుంది. దాని ప్రేమ మాత్రం ఉధృతం. గుమ్మంలోకి ఎవరు వచ్చినా నాలుగడుగుల దూరం నుంచే ఎగిరి మీద పడి ముఖం నాకబోతుంది. 18 కిలోల కుక్క అలా దూకితే కర్ర పట్టుకుని నడిచే అమ్మమ్మ, ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్న పసివాడు కింద పడతారు. దీనికి మందు అరుపులు కాదు, దెబ్బలు అసలే కాదు. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరింపు, నిమురుడు, తినుబండారం దొరకాలి. ఎగిరినప్పుడు ఇంట్లో ప్రతి ఒక్కరూ ముఖం పక్కకు తిప్పుకుని నిలబడాలి. నాన్న కసురుకుంటే, పిల్లలు వాటేసుకుని ముద్దుచేస్తే, కుక్కకు ఏ నియమమూ అర్థం కాదు. ఇంటిల్లిపాదీ ఒకే నియమం పాటించాలి.

వేట రక్తంలో ఉన్న కుక్క కాబట్టి పిల్లిని, ఉడుతను, కోడిని చూస్తే పిలుపు వినకుండా పరిగెత్తుతుంది. బయట ఎప్పుడూ తాడు కట్టే నడిపించాలి. రోజుకు దాదాపు గంట వ్యాయామం కావాలి. అది దొరకని వీటెన్ తోట తవ్వుతుంది, చెప్పులు కొరుకుతుంది, పొద్దస్తమానం మొరుగుతుంది. ఒంటరిగా గంటల తరబడి వదిలేయడం ఈ జాతికి సరిపడదు.

తిండి విషయంలో తెలుగు ఇళ్లకు ఒక హెచ్చరిక. మిగిలిన అన్నంలో పులుసో కూరో కలిపి కుక్కకు పెట్టడం మనకు అలవాటు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పరమాన్నంలో వేసే కిస్‌మిస్, ద్రాక్షపళ్లు కుక్కల మూత్రపిండాలను పాడుచేయగలవు. పుట్టుకతోనే మూత్రపిండాల ముప్పు ఉన్న జాతికి అవి మరింత అపాయం. చాక్లెట్టు, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిసిన బబుల్‌గమ్ కూడా విషమే. కుక్క గిన్నె వేరు, మనిషి పళ్లెం వేరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ కుక్క ఎవరింటికి సరిపోతుంది? అమెరికాలో, ఐర్లండ్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అక్కడి చల్లని ప్రాంతాల్లో వీటెన్‌ను పెంచడం సాధ్యమే. వెంట్రుకలు రాలవు కాబట్టి అలర్జీ ఉన్నవారికి పూర్తిగా సురక్షితం అనే మాటను మాత్రం నమ్మరాదు. అలర్జీకి అసలు కారణం వెంట్రుక కాదు, కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే మాంసకృత్తులు. అవి లేని కుక్క లేదు. అలర్జీ ఉన్న మనిషి ముందుగా పెరిగిన వీటెన్‌తో కొన్నిసార్లు చాలాసేపు గడిపి చూడాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ జాతి అరుదు. ఐర్లండ్ ఎండాకాలంలో 20 డిగ్రీలు మామూలు. విజయవాడలో, రామగుండంలో మే నెల ఎండ 40 దాటుతుంది. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి వగరుస్తూనే అది వేడి తగ్గించుకోవాలి. ఇక్కడ వీటెన్‌ను పెంచేవారు వేసవిలో బొచ్చును అంగుళం దాకా కత్తిరించవచ్చు. గుండు మాత్రం చేయించకూడదు, చర్మానికి ఎండ దెబ్బ తగులుతుంది. తెల్లవారకముందు, పొద్దుగూకిన తర్వాత మాత్రమే నడిపించాలి. రోడ్డు మీద చేతి వెనకభాగం కొన్ని సెకన్లు ఆనించలేనంత వేడిగా ఉంటే పాదాలు కాలుతాయి. విపరీతంగా వగర్చి, చొంగ కార్చి, తూలుతున్న కుక్కకు ఒంటి మీద చల్లని నీళ్లు పోస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎండ జాగ్రత్తలతో పాటు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, తర్వాత వైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా మళ్లీ టీకా తప్పనిసరి.

పిల్లకూనను కొనేముందు తల్లిదండ్రుల రక్త, మూత్ర పరీక్షల కాగితాలు అడగండి. తల్లి కుక్కను చూపించమనండి. కాగితాలు చూపించని చోట కొనకండి. ఫొటోలో గోధుమ రంగు బొచ్చు ముచ్చటగా ఉందని మాత్రం తెచ్చుకోకండి. రోజుకు పదిహేను నిమిషాలు, పన్నెండేళ్ల పాటు, ఇంట్లో ఎవరో ఒకరు ఇవ్వగలరా అని కుటుంబమంతా కూర్చుని ముందే తేల్చుకోవాలి. ఇవ్వలేమనుకుంటే ఆ కుక్కను తెచ్చుకోకపోవడమే దాని మీద నిజమైన దయ. అంతగా బొచ్చు సేవ అక్కర్లేని, మన ఎండకు అలవాటుపడ్డ ఊరకుక్క పిల్లలు ఆదరణ కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి.

ఇప్పటికే వీటెన్‌ను పెంచుతున్న శ్రోతలకు చివరి మనవి. రోజూ దువ్వండి. పాపిడి తీసి, చర్మం కనిపించేలా దువ్వండి. చేతికి కొత్తగా ఏది తగిలినా వైద్యుడికి చెప్పండి. ఏడాదికి ఒకసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. తన బాధ నోటితో చెప్పలేని ప్రాణి తరఫున ఆ బాధను కనిపెట్టవలసిన బాధ్యత పెంచినవారిదే.